నాలుగో ఉత్పత్తి కారకం మనకు దక్కేదెప్పుడు?



ఇంటర్మీడియట్‌లో సి.ఇ.సి., హెచ్.ఇ.సి. చదివిన ప్రతి ఒక్కరికీ ఈ పాఠం గుర్తుండే ఉంటుంది. ఉత్పత్తి కారకాలు నాలుగు. భూమి, శ్రమ, మూలధనం, వ్యవస్థాపన. భూమికి భాటకం, శ్రమకు వేతనం, మూలధనానికి వడ్డీ, వ్యవస్థాపకునికి లాభం. రెండు మార్కుల ప్రశ్నగా బట్టీపట్టి రాసి, పరీక్ష కాగానే మరచిపోయే పాఠం ఇది. కాని ఒక్కసారి మన ఇళ్ళ వైపు చూసుకుని ఈ పాఠం చదవండి. మన తాతలకు భూమి లేదు, ఉన్నా అరెకరం, ఎకరం. మూలధనం అసలే లేదు. ఉన్నది శ్రమ ఒక్కటే. దానికి వచ్చింది కూలి మాత్రమే. మరి ఆ నాలుగో కారకం సంగతేమిటి? దానికి పట్టా అక్కర్లేదు, వారసత్వం అక్కర్లేదు అంటారు కదా, అది మన వాడల్లోకి ఎందుకు రాలేదు? దీని గురించి ఆలోచించమని కోరుతూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పూనుకోవడమే అసలు అర్థం

ఇంగ్లీషువారు వాడే ఎంట్రప్రెన్యూర్ అనే మాట ఫ్రెంచి భాష నుంచి వచ్చింది. ఒక పనిని చేపట్టేవాడు, పూనుకునేవాడు అని దాని అర్థం. మనవాళ్ళు వ్యవస్థాపకుడు అని, ఔత్సాహిక పారిశ్రామికవేత్త అని పెద్ద పెద్ద పేర్లు పెట్టారు. ఆ మాటలు వింటే కోటు, కారు, ఫ్యాక్టరీ గొట్టం కళ్ళముందు మెదులుతాయి. అందుకే అది మనకు సంబంధించింది కాదనుకుంటాం.

కాని ఈ మాటను అర్థశాస్త్రంలోకి తెచ్చిన రిచర్డ్ కాంటిలాన్ చెప్పింది వేరు. ఆయన చనిపోయాక 1755లో అచ్చయిన గ్రంథంలో లోకంలోని పనివారిని రెండు రకాలుగా చూశాడు. నికరమైన జీతం వచ్చేవారు ఒక రకం. ఖర్చు ఎంతో తెలిసి, రాబడి ఎంతో తెలియకుండా బతికేవారు రెండో రకం. ఈ రెండో రకం వారినే ఆయన ఎంట్రప్రెన్యూర్లన్నాడు. భూస్వామికి ఇంత కౌలు అని ఒప్పుకుని, పంట ఎంత పండుతుందో, ధర ఎంత పలుకుతుందో తెలియక సేద్యం చేసే రైతును ఆ జాబితాలో ముందు పెట్టాడు. చెప్పులు కుట్టి అమ్ముకునేవాణ్ణి, నీళ్ళు మోసి అమ్మేవాణ్ణి కూడా చేర్చాడు. అంటే పొద్దున్నే మార్కెట్‌లో కూరగాయలు కొని సాయంత్రానికి అమ్ముడవుతాయో లేదో తెలియక గంప నెత్తిన పెట్టుకునే మన అమ్మలు కాంటిలాన్ లెక్కలో ఎంట్రప్రెన్యూర్లే!

ఆ తర్వాత 1911లో జోసెఫ్ షుంపీటర్ అనే ఆర్థికవేత్త మరో మాట అన్నాడు. ఉన్నదాన్నే ఉన్నట్టు నడిపేవాడు వ్యవస్థాపకుడు కాదు, కొత్త కలయిక తెచ్చినవాడే వ్యవస్థాపకుడు అన్నాడు. అందుకు ఐదు దారులు చూపాడు. కొత్త సరుకు, కొత్త పద్ధతి, కొత్త మార్కెట్, కొత్త ముడిసరుకు, కొత్త ఏర్పాటు. ఇవన్నీ పెద్ద పరిశ్రమలకే అనుకోవద్దు. ఊళ్ళో సెంట్రింగ్ రేకులు లేక ప్రతి మేస్త్రీ పట్నం పరుగెడుతున్న రోజుల్లో, రేకులు కొని అద్దెకిచ్చిన మొదటివాడు కొత్త ఏర్పాటు తెచ్చాడు. ఊళ్ళో వంద రూపాయలకు కుట్టే జాకెట్టుకు మగ్గం వర్కు నేర్చుకుని పట్నం బొటిక్‌లకు పంపిన అమ్మాయి కొత్త మార్కెట్ పట్టింది. ఆ దారిలో వెళ్ళిన పదోవాడు మంచి వ్యాపారస్తుడు కావచ్చు, గౌరవించాల్సిందే. కాని తొవ్వ తీసినవాడు మొదటివాడు.

1921లో ఫ్రాంక్ నైట్ ఇంకో తేడా చూపాడు. రిస్క్ వేరు, అనిశ్చితి వేరు అన్నాడు. లెక్కగట్టగలిగిన ప్రమాదాన్ని ఇన్సూరెన్సు కంపెనీ మోస్తుంది. లెక్కకు అందని దాన్ని ఒక మనిషి తన బుద్ధితో నిర్ణయం తీసుకుని మోయాలి. ఆ నిర్ణయానికి వచ్చే ప్రతిఫలమే లాభం.

ఈ ముగ్గురి మాటలూ కలిపి చూస్తే మనకు తేలేది ఇది. వ్యవస్థాపకత అంటే డబ్బుండటం కాదు, దుకాణం ఉండటం కాదు, బోర్డు మీద పేరుండటం అంతకన్నా కాదు. రేపు ఏమవుతుందో తెలియనిచోట నిర్ణయం తనదిగా చేసుకుని, ఫలితానికి తానే జవాబుదారీ కావడం. ఈ నిర్వచనాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

మనకు చేతకాదా?

"వ్యాపారం మనవాళ్ళకు చేతకాదు, అది కోమట్ల పని" అనే మాట మన ఇళ్ళలోనే వింటుంటాం. ఈ మాట ఎంత అబద్ధమో చరిత్ర చూస్తే తెలుస్తుంది. తోలు ఊనడం, చెప్పులు కుట్టడం, బావిలోంచి నీళ్ళు తోడే మోటకు తోలు సంచి చేయడం, నేత నేయడం ఇవన్నీ మన తాతల చేతిలోని విద్యలు. ఊరి సేద్యం సగం వాటిమీదే నడిచింది. కోటి విద్యలు కూటి కొరకే అంటారు. మన విద్యలు మాత్రం మనకు కూడు కూడా సరిగా పెట్టలేదు. ఎందుకని?

ఎందుకంటే ఆ చెప్పుకు, ఆ మోటకు ధర చెప్పే హక్కు చేసినవాడికి లేదు. ఏడాదికి ఇన్ని గింజలని కళ్ళంలో కొలిచేవారు. ఫలానా రైతుకు నేను చేయను, పక్కూరి రైతు ఎక్కువిస్తున్నాడు అనే వీలు లేదు. ధర నిర్ణయించే స్వేచ్ఛ, గిరాకీని ఎంచుకునే స్వేచ్ఛ, పని మానుకునే స్వేచ్ఛ ఈ మూడూ లేనిచోట నైపుణ్యం ఎంతున్నా వ్యవస్థాపకత పుట్టదు. తర్వాత కరెంటు మోటార్లు వచ్చి మోట పోయింది, ఫ్యాక్టరీ చెప్పులు వచ్చి చేతి చెప్పు పోయింది. మారుతున్న మార్కెట్‌ను చూసి మారడానికి కావలసిన పెట్టుబడిని ఆ కళ్ళంలో గింజలు ఎన్నడూ మిగల్చలేదు. డాక్టర్ అంబేద్కర్ 1936లో కులనిర్మూలన గ్రంథంలో కులం పని విభజన మాత్రమే కాదు, పనిచేసేవారి విభజన అని వివరించింది ఇందుకే.

ఆయన సొంత జీవితమే దీనికి సాక్ష్యం. అమెరికాలో, లండన్‌లో అర్థశాస్త్రం చదివి 1917లో తిరిగి వచ్చాక బొంబాయిలో షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే సంస్థ ఒకటి ఆయన పెట్టారు. సలహాలు మంచివే. కాని ఇచ్చేవాడు అంటరానివాడని తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. సంస్థ మూతపడింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన ఆర్థికవేత్తకు తెలివి తక్కువై ఆ వ్యాపారం మూతపడిందా? లేదు. కొనేవాడి మనసులో కులం ఉంది. కాబట్టి "కష్టపడితే ఎవరైనా ఎదగొచ్చు" అని మనకు ఉపన్యాసమిచ్చే పెద్దలు ఈ సంగతి కూడా చెబితే బాగుంటుంది.

అయితే అక్కడే ఆగిపోవద్దు. అమెరికాలో సారా బ్రీడ్‌లవ్ అనే నల్లజాతి స్త్రీ 1867లో లూసియానాలో పుట్టింది. తల్లిదండ్రులు పత్తి తోటలో బానిసలుగా బతికినవారు. ఏడేళ్ళకే అనాథ అయింది. ఏళ్ళ తరబడి బట్టలుతికి బతికింది. నల్లజాతి స్త్రీల జుట్టు అవసరాలను పెద్ద కంపెనీలు పట్టించుకోని రోజుల్లో వారికోసమే నూనెలు, లేపనాలు తయారుచేసింది. మేడమ్ సి.జె. వాకర్ అనే పేరుతో 1910లో ఇండియానాపొలిస్‌లో కంపెనీ స్థిరపరచింది. వేలాదిమంది నల్లజాతి స్త్రీలకు శిక్షణ ఇచ్చి అమ్మకందారులను చేసింది. ఆమె గెలుపులో కిటుకు ఒకటే. తనవాళ్ళ అవసరం బయటివారికన్నా ఆమెకు బాగా తెలుసు. మన దేశంలో మహారాష్ట్ర అకోలా జిల్లాలో దళిత కుటుంబంలో పుట్టిన కల్పనా సరోజ్ బాల్యవివాహం నుంచి బయటపడి, ముంబైలో కుట్టుపనితో మొదలై, వంద కోట్లకు పైగా అప్పులతో మునిగిన కమానీ ట్యూబ్స్‌ను చేపట్టి నిలబెట్టారు. 2013లో పద్మశ్రీ అందుకున్నారు.

దెబ్బ తగిలితే పడేది ఎవరి నెత్తిన?

పుణెలో 2005లో మిలింద్ కాంబ్లే దళిత పారిశ్రామికవేత్తల కోసం డిక్కీ అనే చాంబర్ స్థాపించారు. ఉద్యోగాలు అడిగేవారుగా కాక ఇచ్చేవారుగా మారాలన్నది వారి పిలుపు. ఆ పిలుపులోని ఆత్మగౌరవానికి నా నమస్కారం. కాని అదే మాటను ప్రభుత్వాలు అందుకుని, ఖాళీ పోస్టులు నింపమని అడిగే నిరుద్యోగికి జవాబుగా చెప్పడం మొదలుపెడితే మాత్రం ఒప్పుకోకూడదు. బ్యాక్‌లాగ్ పోస్టులు పక్కనపెట్టి "పకోడీలైనా అమ్ముకోండి" అనడం మనల్ని వెనక్కి నెట్టడమే.

ఎందుకంటే రిస్క్ అందరికీ ఒకటి కాదు. పదెకరాల మాగాణి, పట్నంలో రెండిళ్ళు ఉన్న ఇంటి కుర్రాడు వ్యాపారంలో 5 లక్షలు పోగొట్టుకుంటే దాన్ని అనుభవం అంటారు. మన ఇంటి కుర్రాడు అదే పోగొట్టుకుంటే అమ్మ మెడలో పుస్తెలు పోతాయి, చెల్లి చదువు ఆగిపోతుంది, నాన్న వలస పోతాడు. ధైర్యంలో తేడా లేదు, కింద పరచిన పరుపులో ఉంది తేడా. షుంపీటర్ కూడా ఒక చోట స్పష్టంగా చెప్పాడు, నష్టం భరించేది పెట్టుబడి పెట్టినవాడే, వ్యవస్థాపకుని పని వేరని. మన దగ్గర ఆ రెండు భారాలూ ఒక్క నెత్తి మీదే పడుతున్నాయి.

అందువల్ల నా అభిప్రాయం ఏమిటంటే, ఉద్యోగానికీ వ్యాపారానికీ పోటీ పెట్టడమే తప్పు. ఇంట్లో ఒకరికి నికరమైన జీతం ఉంటే ఆ నీడన రెండోవారు అనిశ్చితిలోకి అడుగు పెట్టగలరు. రిజర్వేషన్ మీద టీచరయిన అన్న, కానిస్టేబులయిన అక్క ఇంటికి తెచ్చేది జీతం ఒక్కటే కాదు, తమ్ముడు ఒకసారి ఓడిపోయి మళ్ళీ లేచే అవకాశాన్ని కూడా. గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదువుతున్న తమ్ముళ్ళను పుస్తకం మూసేయమని నేను అనడం లేదు. చదవండి. కాని ఆరేళ్ళు, ఏడేళ్ళు నోటిఫికేషన్ కోసం అశోక్‌నగర్ గదుల్లో ఎదురుచూసి, అది తప్పితే బతుకే లేదనుకునే స్థితికి మాత్రం వెళ్ళవద్దు. రెండో దారి ఉందని తెలిసినవాడు మొదటి దారిలో కూడా భయం లేకుండా నడుస్తాడు.

అప్పు ఒక్కటే చాలదు

నేను ఒక చిన్న పట్టణంలో బ్యాంకు ఉద్యోగిని. రుణాల కౌంటర్‌లో కూర్చున్నాను కనుక ఈ మాట ధైర్యంగా అంటున్నాను. అప్పు దొరకడమే వ్యవస్థాపకత అనుకునే భ్రమ మన రాష్ట్రంలో చాలా చెడు చేసింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ మిగిలిన డబ్బును రోజుకో రూపాయి చొప్పున దాచుకుంటూ పొదుపు సంఘాలు పుట్టాయి. అక్కడ ముందు పొదుపు వచ్చింది, లెక్క వచ్చింది, ఒకరిమీద ఒకరికి నమ్మకం వచ్చింది. ఆ తర్వాతే అప్పు. కాని తర్వాత కాలంలో మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఊళ్ళలో దిగి ఒకే ఇంటికి మూడు నాలుగు అప్పులిచ్చాయి. వారం వారం వాయిదా. వసూళ్ళ ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగి, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. కాంటిలాన్ చెప్పిన మాట ఇక్కడ గుర్తు చేసుకోండి. ఖర్చు నికరం, రాబడి అనిశ్చితం. గేదె ఈనడానికి నెలలు పడుతుంది, వాయిదా మాత్రం ఏడు రోజులకే వస్తుంది. ఆ అప్పు తీసుకున్న తల్లి తప్పేముంది? అప్పు ఆకారమే తప్పు.

పథకాలు లేవా అంటే ఉన్నాయి. 2008లో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో పల్లెల్లోని ఎస్సీ, ఎస్టీలకు 35 శాతం, పట్టణాల్లో 25 శాతం సబ్సిడీ పెట్టారు. సొంత వాటా 5 శాతం చాలన్నారు. 2015లో వచ్చిన ముద్ర రుణాలకు తాకట్టు అడగకూడదు. 2012 నాటి కొనుగోళ్ళ విధానం ప్రకారం కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్ళలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. తెలంగాణలో 2014లో టీ-ప్రైడ్, 2021లో కుటుంబానికి 10 లక్షల దళితబంధు వచ్చాయి. 2016లో స్టాండప్ ఇండియా మొదలుపెట్టి ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి వరకు ఇవ్వాలన్నారు. 2023 మార్చి నాటికి ఆ పథకంలో మంజూరైన ఖాతాలు 1,80,636. అందులో ఎస్సీలవి 26,889, ఎస్టీలవి 8,960. మిగిలినవన్నీ ఇతర వర్గాల మహిళలవి. వారికి రావడం సంతోషమే. మనకు రానిది ఎందుకు రాలేదో కూడా అడగాలి కదా! కొన్నిచోట్ల మేనేజర్ ముఖం చాటేశాడు. కొన్నిచోట్ల మనవాళ్ళు అడగనే లేదు. రెండూ నిజమే.

పేరు మనది, లాభం ఎవరిది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మొదట చెప్పిన నిర్వచనాన్ని గుర్తు తెచ్చుకోండి. నిర్ణయం తనది, జవాబుదారీ తనది అయినవాడే వ్యవస్థాపకుడు.

ఎస్సీ కోటాలో వచ్చే కాంట్రాక్టు, పెట్రోలు బంకు, గ్యాస్ ఏజెన్సీ, సబ్సిడీ లారీ వీటి చుట్టూ ఒక పాడు అలవాటు పెరిగింది. డబ్బున్నవాడు ఒకడు వచ్చి "తమ్ముడూ, నీ కులం సర్టిఫికెట్ ఇవ్వు, సంతకాలు పెట్టు, నెలకింత ఇస్తా, మిగతాదంతా నేను చూసుకుంటా" అంటాడు. ఎలాగూ పెట్టుబడి లేదు కదా, ఊరికే వచ్చే డబ్బే కదా అని మనవాళ్ళు ఒప్పుకుంటారు. సరుకు ఎక్కడ కొనాలో వాడే చెబుతాడు, ఎంతకు అమ్మాలో వాడే చెబుతాడు, బ్యాంకు పాసుబుక్కు, చెక్కుబుక్కు వాడి బీరువాలోనే ఉంటాయి. బాగా నడిస్తే లాభం వాడిది. మునిగితే నోటీసు మాత్రం మన పేరు మీద మన వాడకు వస్తుంది. సిబిల్ స్కోరు మనదే పోతుంది. తర్వాత నిజంగా వ్యాపారం పెట్టుకోవాలనుకున్నా ఏ బ్యాంకూ అప్పివ్వదు.

కళ్ళంలో గింజలు కొలిచిన కాలానికీ దీనికీ తేడా ఎక్కడుంది? అప్పుడు చేతిపని మనది, ధర వాళ్ళది. ఇప్పుడు సర్టిఫికెట్ మనది, నిర్ణయం వాళ్ళది. మన పెద్దలు పోరాడి సాధించిన హక్కును నెలకు ఐదువేలకు అద్దెకివ్వడం ఇది. డిగ్రీ పూర్తిచేసి బయటకు వెళ్ళగానే మీలో కొందరి దగ్గరకు ఇలాంటి మనిషి తప్పకుండా వస్తాడు. చాలా మర్యాదగా మాట్లాడతాడు, టీ తాగిస్తాడు. అప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "రేటు ఎవరు నిర్ణయిస్తారు, చెక్కు మీద సంతకం పెట్టే ముందు లెక్క ఎవరు చూస్తారు?" "నేనే" అనగలిగితే అది మీ వ్యాపారం. లేకపోతే అది కూలిపని, అది కూడా జైలు భయంతో కూడిన కూలిపని.

చేయవలసింది

విద్యార్థులు ఇప్పటినుంచే మూడు పనులు అలవాటు చేసుకోవచ్చు. మొదటిది, లెక్క రాయడం. నెలకు మీ చేతికొచ్చే కాస్త డబ్బుకైనా రాక, పోక రాయండి. నా కౌంటర్‌కు వచ్చినవారిలో చాలామందికి మంచి ఆలోచన ఉంటుంది, తన సరుకు తయారీకి ఎంత పడుతుందో మాత్రం చెప్పలేరు. రెండోది, చూడటం. మీ ఊరివాళ్ళు దేనికోసం పట్నం పోతున్నారో, దేనికి ఎక్కువ ధర పెడుతున్నారో చూడండి. ఊళ్ళో ఇప్పటికే నాలుగు కిరాణా కొట్లుంటే ఐదోది పెట్టడానికి సబ్సిడీ ఉంది కదా అని దూకవద్దు. మూడోది, ఒకరి దగ్గర పనిచేసి నేర్చుకోవడం. సెలవుల్లో మెకానిక్ షెడ్డులోనో, ప్రింటింగ్ ప్రెస్సులోనో, బట్టల షాపులోనో రెండు నెలలు పనిచేయడం నామోషీ కాదు. సరుకు ఎక్కడినుంచి వస్తుంది, అరువు ఎంతవరకు ఇస్తారు, పాత బాకీ ఎలా రాబడతారు అనేవి ఏ పుస్తకంలోనూ దొరకవు.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. ప్రతి ఏడూ వార్షికోత్సవానికి వచ్చి శాలువాలు కప్పించుకుని, పెన్నులు, ప్లేట్లు పంచి వెళుతున్నాం. మంచిదే. ఈసారి దానికి తోడు మూడు పనులు చేద్దాం. మన హాస్టల్ వాళ్ళు పెట్టిన దుకాణాలు, వర్క్‌షాపుల జాబితా ఒకటి రాసి నోటీసు బోర్డులో పెడదాం. మన ఇంట్లో పెళ్ళికి టెంట్ హౌస్, మన ఇంటికి కరెంటు పని, మన పిల్లల యూనిఫాం ముందుగా వారికే ఇద్దాం. బేరం ఆడండి, నాణ్యత అడగండి, కాని అరువు మాత్రం పెట్టకండి! అంబేద్కర్ గారి సంస్థను మూయించింది ఖాతాదారులు రాకపోవడమే అని మరువకండి. ఇక మనలో లెక్కలు, పన్నులు, బ్యాంకు పని తెలిసినవాళ్ళం ఏడాదికి రెండు రోజులు ఇక్కడకు వచ్చి డిగ్రీ పిల్లలకు దరఖాస్తు ఎలా నింపాలో, ప్రాజెక్టు రిపోర్టు ఎలా రాయాలో, బ్రోకర్‌కు ఎందుకు డబ్బివ్వకూడదో నేర్పుదాం. మొదటి రెండు రోజులకు నేను సిద్ధం.

ప్రభుత్వాన్ని అడగవలసింది కూడా ఉంది. ఉన్న 4 శాతం కొనుగోళ్ళ వాటాను నిజంగా అమలుచేయమని, బినామీలను పట్టుకున్నప్పుడు సంతకం పెట్టిన పేదవాడితోపాటు వెనకున్న పెద్దమనిషిని కూడా శిక్షించమని, ఒకసారి నష్టపోయిన నిజాయితీపరుడికి రెండో అవకాశం ఇవ్వమని. వీటిని అడగడం భిక్ష కాదు. పక్కవాడి ఇంట్లో తాతల నాటినుంచి పరచి ఉన్న పరుపును మన ఇంట్లోనూ పరచమనడమే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఒక ట్రంకు పెట్టె, ఒక ప్లేటు, ఒక గ్లాసుతో అమ్మానాన్నలను వదిలి, తెలియని ఊరికి చదువుకోసం వచ్చినరోజునే మీరు రేపు ఏమవుతుందో తెలియని పనికి పూనుకున్నారు. ఆ పూనిక మీకు కొత్త కాదు. కలెక్టరవుతారో, టీచరవుతారో, వర్క్‌షాపు యజమానురాలవుతారో అది మీ ఇష్టం. ఏదైనా సరే, నిర్ణయం మీ చేతిలో ఉండనివ్వండి. మీ పేరును ఎవరికీ అద్దెకివ్వకండి.

జై భీమ్.

— ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి, బ్యాంకు ఉద్యోగి